కొనేది మనం, జవాబు ఎవరిది?

ఈ సంచిక సంపాదకీయానికి ఆన్‌లైన్ కొనుగోళ్లను విషయంగా తీసుకోవడం కొందరు మిత్రులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. కూలి రేట్లు, గృహహింస, భూమి హక్కు లాంటి సమస్యలు ఇన్ని ఉండగా ఫోనులో చీరలు, మిక్సీలు కొనుక్కునే సంగతి మనకెందుకు అని అడగవచ్చు. ఆ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉంది. 1996 నవంబరులో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. స్త్రీని సరుకుగానూ, సరుకులు కొనే యంత్రంగానూ మార్చే మార్కెట్ సంస్కృతిని నిలదీశాయి. ఆ విమర్శకు ఇప్పటికీ కాలం చెల్లలేదు. కానీ మార్కెట్‌ను విమర్శించడం ఒకటి, ఆ మార్కెట్‌లో మోసపోయిన స్త్రీని ఒంటరిగా వదిలేయడం మరొకటి.

వరంగల్‌లో కాశీబుగ్గ, కొత్తవాడ, కరీమాబాద్ లాంటి బస్తీల్లో కూడా ఇప్పుడు పార్సిళ్లు రాని వీధి అరుదు. ఇలా కొనే స్త్రీలందరినీ వినియోగ సంస్కృతి మోజులో పడ్డవాళ్లుగా చూడడం తప్పు. వరంగల్ చౌరస్తాకు వెళ్లి ఒక వస్తువు కొనాలంటే పూట పని మానుకోవాలి, ఆటోకు డబ్బు పెట్టాలి, పిల్లలను ఎవరికైనా అప్పగించాలి, ఎక్కడికి పోతున్నావంటే ఇంట్లో జవాబు చెప్పాలి. లోదుస్తులు కావాలంటే మగ దుకాణదారు ముందు సైజు చెప్పాలి. నాలుగు దుకాణాల్లో ధర కనుక్కునే తీరిక ఎంతమందికి ఉంది? ఫోనులో రాత్రి పది గంటలకు, అంట్లు తోముకున్నాక, ఎవరినీ అడగకుండా వెతుక్కోవచ్చు. స్త్రీల సమయం మీద, కదలికల మీద ఇన్ని ఆంక్షలున్న చోట ఇది చిన్న వెసులుబాటేమీ కాదు. అందుకే ఆ వెసులుబాటు భద్రంగా, ధైర్యంగా వాడుకునేలా ఉందా అన్నది హక్కుల ప్రశ్న అవుతుంది.

నా పని మీద బస్తీల్లో తిరుగుతున్నప్పుడు బీడీలు చుట్టే ఒకామె చెప్పిన సంగతి ఇది. ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థ యాప్‌లో, కొడుకు పేరుతో ఉన్న ఖాతా నుంచి ఆమె మిక్సీ తెప్పించుకుంది. జార్ పగిలి వచ్చింది. ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో యాప్‌లో దొరకలేదు, దొరికిన పేజీ ఇంగ్లీషులో ఉంది. పక్కింటి అబ్బాయి ఫోనులో ఆ సంస్థ కస్టమర్ కేర్ నంబరు వెతికి ఇచ్చాడు. అది ఆ సంస్థ నంబరు కాదు, దొంగలు పెట్టిన నంబరు. అవతలి మనిషి తెలుగులోనే, "అమ్మా" అంటూ మర్యాదగా మాట్లాడాడు. మీ డబ్బు వాపసు వేస్తామని చెప్పి ఒక యాప్ ఎక్కించుకోమన్నాడు, పిన్ కొట్టమన్నాడు. పద్దెనిమిది వేల రూపాయలు పోయాయి. అది సంఘం కిస్తీ కోసం దాచిన డబ్బు. ఆమె నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "ఇంట్ల చెప్తే నన్నే తిడ్తరు మేడమ్. నీకెందుకు ఫోను అంటరు" అంది. ఐదో రోజు కిస్తీ కట్టలేకపోవడంతో సంఘం మీటింగులో సంగతి బయటపడింది. మిక్సీ డబ్బు ఫిర్యాదు పెట్టాక తిరిగి వచ్చింది. పద్దెనిమిది వేలు రాలేదు.

ఇందులో ఎవరి తప్పు ఎంత? సాధారణంగా వినిపించే జవాబు ఆమె జాగ్రత్తగా ఉండాల్సింది అనే. చీకటి పడ్డాక బయటికి పోకు, ఒంటరిగా పోకు అని ఆడపిల్లలకు చెప్పే మాటల్లాంటిదే ఇదీ. ప్రమాదం కలిగించే పరిస్థితులను అలాగే ఉంచి, తప్పించుకునే బాధ్యతంతా స్త్రీ మీద వేసే ఆలోచన ఇది. కానీ ఆమె కథను మొదటి నుంచి చూస్తే, తొలి తప్పు పగిలిన వస్తువు పంపడం. రెండోది ఫిర్యాదు దారి కనబడకుండా దాచడం, మూడోది ఆమెకు వచ్చిన భాషలో జవాబు చెప్పకపోవడం. మోసగాడు వచ్చింది ఆ తర్వాతే, ఆ ఖాళీలోకే. ఇంట్లో తిడతారన్న భయం అతనికి నాలుగు రోజుల గడువిచ్చింది. సంస్థ బాధ్యతారాహిత్యమూ, కుటుంబంలోని పెత్తనమూ కలిసి ఆమెను దోపిడీకి అప్పగించాయి.

ఖాతా ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్న కూడా ముఖ్యమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నాలుగో వంతుకు కాస్త పైన, మగవాళ్లు సగానికి పైన. ఆ తర్వాత వాడకం పెరిగిందనుకున్నా, ఫోను, సిమ్ కార్డు, కొనుగోలు ఖాతా చాలా ఇళ్లలో భర్త పేరునో, కొడుకు పేరునో ఉంటాయి. వస్తువు వాడేది ఆమె, తరచుగా డబ్బూ ఆమెదే, బిల్లు మీద పేరు మాత్రం వేరొకరిది. అందువల్ల తనకు ఫిర్యాదు చేసే హక్కు లేదనే చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవాళ్ల అనుమతితో ఆ వస్తువును వాడేవాళ్లను కూడా వినియోగదారులుగానే గుర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లూ వినియోగదారులేనని స్పష్టంగా చెబుతుంది. కొడుకు ఖాతాలో కొన్న మిక్సీ గురించి తల్లి ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఒక్క విషయం ప్రతి సంఘం మీటింగులో చెప్పదగ్గది.

ఇక అమ్మింది ఎవరు? పేరు పెద్ద సంస్థది, డబ్బాలో వస్తువు ఇంకెవరిదో. విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు తమ సొంత సరుకును నేరుగా వినియోగదారులకు అమ్మకూడదు. వేరే అమ్మకందార్లకు చోటు ఇవ్వాలి. చట్టం దృష్టిలో అవి అంగడి నడిపేవి, అంగట్లో కొట్టు పెట్టినవాళ్లు వేరు. చిన్న దుకాణాలను కాపాడటానికని పెట్టిన ఈ నిబంధన, కొన్నవాళ్లు ప్రశ్నించినప్పుడు "మేం కేవలం వేదిక మాత్రమే" అని తప్పుకోవడానికి పనికొస్తోంది.

ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో వంటింటి వస్తువు విషయంలోనే పరీక్షకు వచ్చింది. ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేసే ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ప్రమాణాలకు తగని కుక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చర్య తీసుకుంది. అమెజాన్ ద్వారా అమ్ముడైనవి 2,265, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598. కొన్న ప్రతి ఒక్కరికీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వమని ఆదేశిస్తూ ఒక్కో సంస్థకు లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆ కుక్కర్ల అమ్మకం మీద అమెజాన్‌కు ఫీజుగా వచ్చింది 6 లక్షల 14 వేల రూపాయలకు పైనే. ప్రతి అమ్మకం మీదా సంపాదిస్తూ, సమస్య వచ్చినప్పుడు మాకు సంబంధం లేదనడం కుదరదన్నది ప్రాధికార సంస్థ తర్కం. ఆదేశాన్ని అమెజాన్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. లక్ష రూపాయలు ఆ సంస్థలకు లెక్కలోకి వచ్చేది కాదు, నిజమే. కానీ కుక్కర్ పేలితే కాలేది ఎవరి ముఖం? వంటిల్లు ఎవరి పని స్థలం? పని స్థలంలో భద్రత అడగడం కార్మిక హక్కయితే, వంటింట్లోకి వచ్చే వస్తువు నాణ్యత గురించి అడగడమూ హక్కే.

కాగితం లేని కొనుగోలు అంటే ఏమిటో వరంగల్‌కు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించినప్పుడు నకిలీ పురుగుమందులు, నాసిరకం విత్తనాలు, వాటిని అప్పు మీద అమ్మిన వ్యాపారుల సంగతి చర్చకు వచ్చింది. సరుకు ఇచ్చినవాడే అప్పు ఇచ్చినవాడు. బిల్లు అడిగితే అప్పు పుట్టదు. మనిషి పోయాక అప్పుల భారం మోసినవాళ్లు, పరిహారం కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు స్త్రీలే. విత్తనం కొన్న రైతు వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2012లో, ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే, తేల్చి చెప్పింది. వస్తువు చిన్నదైనా పెద్దదైనా, అమ్మినవాళ్ల పేరున్న బిల్లు చేతిలో ఉంటేనే అడగడానికి ఆధారం ఉంటుందని ఈ జిల్లా చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది.

ఆన్‌లైన్ కొనుగోలులో కాగితం ఉంటుంది, అది ఫోనులో దాగి ఉంటుంది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం సంస్థ తన చిరునామా, కస్టమర్ కేర్, ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు తన వేదిక మీద స్పష్టంగా పెట్టాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి, ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వాలి. అమ్మకందారు పేరు, చిరునామా కొనేవాళ్లకు కనిపించాలి. వస్తువు లోపంతో వచ్చినా, నకిలీది అయినా, చూపించిన దానికి భిన్నంగా ఉన్నా అమ్మకందారు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. వాపసు సౌకర్యం లేదని రాసిపెట్టినంత మాత్రాన పగిలిన వస్తువు మన నెత్తిన పడదు.

సంస్థ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986 నాటి చట్టం కింద కేసు ఎక్కడ వెయ్యాలన్నది అవతలి పక్షం ఎక్కడుంది, వివాదం ఎక్కడ పుట్టింది అన్నదాని మీద ఆధారపడి ఉండేది. బెంగుళూరులోనో ముంబయిలోనో ఆఫీసున్న సంస్థ మీద పోరాడాలంటే మొదటి అడుగులోనే చిక్కు. 2019 చట్టం దీన్ని మార్చింది. ఫిర్యాదుదారు నివసించే చోటే, పనిచేసే చోటే కేసు వేయవచ్చు. అంటే ఆ పెద్ద సంస్థే వరంగల్ కమిషన్‌కు జవాబు చెప్పాలి. కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్ల లోపల ఫిర్యాదు వేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు. వకీలు కావాలనుకుంటే, 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. గృహహింస కేసుల్లో మనం వాడుకునే ఈ హక్కును వినియోగదారుల కేసుల్లోనూ వాడుకోవచ్చు.

యాప్ తయారైన తీరు కూడా ప్రశ్నించవలసిందే. "రెండే మిగిలాయి, ఐదు నిమిషాల్లో ధర పెరుగుతుంది" అని తొందర పెట్టడం, అడగని వస్తువునో, ఇన్సూరెన్సునో బుట్టలో చేర్చడం, వద్దంటే చిన్నబుచ్చే మాటలు చూపించడం, సభ్యత్వంలో చేరడం తేలిక చేసి బయటపడడం కష్టం చేయడం, ఇవన్నీ ఆలోచించి చేసిన ఏర్పాట్లు. 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి 13 పద్ధతులను అక్రమ వ్యాపార పద్ధతులుగా గుర్తించాయి. అమెరికాలో కూడా ఇదే గొడవ. ప్రైమ్ సభ్యత్వంలోకి జనాన్ని తెలియకుండా చేర్చుకుని, వదిలిపోవడం కష్టతరం చేసిందన్న కేసులో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మన దగ్గర 2025 అక్టోబరులో, సరుకు చేతికందాక డబ్బిస్తామంటే అదనంగా వసూలు చేస్తున్న సంస్థల మీద విచారణ జరుపుతున్నామని కేంద్ర మంత్రి ప్రకటించారు. కార్డు లేనివాళ్లు, ముందు డబ్బు కట్టే ధైర్యం లేనివాళ్లు ఎంచుకునే పద్ధతి అది. వాళ్లలో స్త్రీలే ఎక్కువ కాదా? పేదరికానికీ అపనమ్మకానికీ రుసుము వేయడమే ఇది.

డబ్బు పోయినప్పుడు గంటలు లెక్క. వెంటనే 1930కు ఫోను చేస్తే, దొంగ ఖాతాలోకి చేరిన డబ్బును అక్కడే ఆపే అవకాశం ఉంటుంది. బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు, ఖాతాదారు పొరపాటున వివరాలు చెప్పినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలన్నాయి. కాబట్టి దాచిపెట్టిన ప్రతి గంటా నష్టమే. ఈ మాట అందరికీ తెలుసనుకోవచ్చు, అయినా స్త్రీలు దాస్తారు. మగవాడు చిట్టీలో, రియల్ ఎస్టేటులో లక్షలు పోగొట్టుకుంటే అది వ్యాపారంలో నష్టం. స్త్రీ ఐదు వేలు పోగొట్టుకుంటే అది తెలివితక్కువతనం, ఆమె చేతిలోంచి ఫోను లాక్కోవడానికి కారణం. ఈ తేడా ఉన్నంతకాలం ఏ హెల్ప్‌లైన్ అయినా సగమే పనిచేస్తుంది. తిట్టకుండా వినే ఒక మనిషి, ఒక సంఘం దగ్గర ఉండటం కూడా సైబర్ భద్రతలో భాగమే.

ఇంకో సంగతి మనలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. హింస భరించలేక ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ, పాత ఖాతాలోనే కొత్త చిరునామాకు ఒక పాలడబ్బా తెప్పించుకుంటే, ఆ చిరునామా భర్త ఫోనులో కనిపిస్తుంది. ఏం కొన్నదీ, ఏ రోజు ఎక్కడ ఉన్నదీ తెలిసిపోతుంది. ఆశ్రయం ఇచ్చే మొదటి రోజే ఆమె ఏ ఖాతాలు ఉమ్మడిగా వాడేదో అడగాలి. ఆమెకు వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్ పెట్టించాలి. పార్సిలు మీద పేరు, ఫోను నంబరు ఉన్న కాగితాన్ని చింపి పారేయడం ఒంటరిగా ఉండే ప్రతి స్త్రీకీ మంచి అలవాటు.

జాగ్రత్తలు అక్కర్లేదని నేను అనడం లేదు. కొనే ముందు అమ్మకందారు పేరు, వాపసు గడువు చూడాలి. కుక్కర్, హీటర్ లాంటి వాటికి ఐ.ఎస్.ఐ. ముద్ర చూడాలి. పార్సిలు విప్పుతున్నప్పుడు ఫోనులో వీడియో తీయాలి. బిల్లును, ఫిర్యాదు నంబరును ఫోటో తీసి ఇంకో ఫోనుకు పంపుకోవాలి. కస్టమర్ కేర్ నంబరు యాప్ లోపలే చూడాలి తప్ప బయట వెతకకూడదు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఇంటికి పార్సిలు తెచ్చే అబ్బాయి మీద అరిచి లాభం లేదు. అతనూ ఆ సంస్థ కింద రోజుకూలీ లెక్కన నలిగేవాడే. అడగవలసింది సంస్థను.

ఈ జాగ్రత్తలు ఒక్కో స్త్రీ ఒంటరిగా గుర్తుపెట్టుకునే జాబితాగా మిగిలిపోకూడదు. పొదుపు సంఘం మీటింగులో కిస్తీలు కట్టాక పది నిమిషాలు ఈ విషయానికి కేటాయించవచ్చు. ఎవరికి ఏ వస్తువు పాడై వచ్చింది, ఎక్కడ ఫిర్యాదు పెట్టారు, ఏమైంది అని ఒక రిజిస్టరులో రాసుకోవచ్చు. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు పది మంది కనబడితే, చట్టం కలిసి ఫిర్యాదు చేసే వీలు కల్పిస్తోంది. చదువుకున్న ఆడపిల్లలు మొదటి ఫిర్యాదు దగ్గర కూర్చుని రాయిస్తే, రెండోది ఆమే రాసుకుంటుంది. మనం అడగవలసినవీ ఉన్నాయి. తెలుగులో అమ్మకాలు సాగిస్తున్న ప్రతి సంస్థా ఫిర్యాదులు కూడా తెలుగులోనే తీసుకోవాలి. మనిషితో మాట్లాడే నంబరు యాప్ మొదటి పేజీలోనే కనబడాలి. తమ పేరుతో దొంగ నంబర్లు తిరుగుతున్నప్పుడు వాటిని తొలగించే బాధ్యత ఆ సంస్థలు తీసుకోవాలి.

కొనుగోలు శక్తి పెరిగితే స్త్రీల స్థితి మారుతుందని ప్రకటనలు చెబుతుంటాయి. మనకు ఆ భ్రమ లేదు. కానీ తన డబ్బుతో తాను కొన్న వస్తువు బాగా లేదని నోరు తెరిచి చెప్పి, వాపసు తెచ్చుకున్న స్త్రీ, రేషను దుకాణంలో తూకం గురించీ, కంపెనీలో బీడీల లెక్క గురించీ అడగడానికి అంతగా వెనుకాడదు. వరంగల్ బస్తీలో ఉండి ప్రపంచంలోనే పెద్ద వ్యాపార సంస్థను వరంగల్ కమిషన్ ముందుకు పిలిపించగల చట్టం ఇప్పుడు మన చేతిలో ఉంది. దాన్ని వాడుకోవడం నేర్పుదాం, నేర్చుకుందాం.